తిండి జబ్బు నుంచి బయటపడి, తోటివారికి తోడు నిలవడం ఎలా?

"కంచం ముందు కూర్చోవాలంటేనే భయమేస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని కొందరు అడుగుతున్నారు. "నాకు తగ్గింది, ఇలాంటి వాళ్లకు సాయం చేయాలనుంది, ఎలా?" అని ఇంకొందరు. విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లల నుంచి, వాళ్ల అమ్మల నుంచి ఈ రెండు ప్రశ్నలూ ఆగకుండా వస్తున్నాయి. రెండింటికీ ఒకేచోట జవాబు చెప్పడానికి కారణం ఉంది. సగం తగ్గగానే ఇంకొకరిని బాగుచేయడానికి దిగి, తిరిగి జబ్బులో పడేవాళ్లు చాలామంది. అందుకే ముందు మీ కంచం, ఆ తరువాతే సేవ. ఈ వరస మార్చకండి.

తిండి జబ్బులు (ఈటింగ్ డిజార్డర్స్) అంటే ఇవి. బరువు పెరుగుతామన్న భయంతో తిండి బాగా తగ్గించేయడం అనొరెక్సియా. అదుపు తప్పి చాలా తినేసి, దాన్ని పోగొట్టుకోవాలని వాంతి చేసుకోవడమో, విరేచనాల మాత్రలు మింగడమో, పస్తులుండడమో చేస్తే బులీమియా. పోగొట్టుకునే ప్రయత్నమేదీ లేకుండా అలా తినేస్తూ, సిగ్గుతో కుమిలిపోతుంటే బింజ్ ఈటింగ్. మనిషిని చూసి వీటిని పోల్చుకోలేం. బొద్దుగా ఉన్నవాళ్లకూ వస్తాయి, మగపిల్లలకూ వస్తాయి, పెళ్లై పిల్లలున్న వాళ్లకూ వస్తాయి. "చిక్కిపోలేదుగా, నాకేం జబ్బు" అని ఆగిపోవద్దు.

ముందు సమకూర్చుకోవాల్సినవి

- నిజం చెప్పగలిగిన ఒక మనిషి. అమ్మ, అక్క, పిన్ని, రూమ్మేట్, ఎవరైనా సరే.
- చూపించుకోవడానికి ఒక డాక్టరు, మాట్లాడటానికి ఒక సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి.
- జేబులో పట్టే నోటుబుక్కు, పెన్ను.
- వారం రోజులకు సరిపడా చిన్న తిండి: అరటిపళ్లు, వేరుశెనగ చిక్కీ, సున్నుండలు, వేయించిన శెనగలు, పాలు, బిస్కెట్లు. హాస్టల్లో ఉంటే మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి.
- ఫోనులో రెండు నంబర్లు: టెలీ మానస్ 14416, అంబులెన్స్ 108. టెలీ మానస్ అంటే 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. దానికి రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

తీసేయాల్సినవీ ఉన్నాయి. బరువు చూసుకునే మిషను పక్కింట్లో పెట్టించండి. కేలరీల లెక్క చెప్పే యాప్‌లు ఫోనులోంచి తీసేయండి. లిక్విడ్ డైట్, అది మానేయి, ఇది మానేయి అని చెప్పే వీడియోలు కొన్నాళ్లు కనపడకుండా చేసుకోండి.

## మొదటి భాగం: మీరు బయటపడటం

1. ముందు ఒంటికి పరీక్షలు చేయించుకోండి

డాక్టరు దగ్గర "గ్యాస్ట్రబుల్" అనో "నీరసం" అనో చెప్పి మందులు రాయించుకుని రావద్దు. "తిండి మానేస్తున్నాను" అనో, "తిన్నది వాంతి చేసుకుంటున్నాను, వారానికి ఇన్నిసార్లు" అనో సూటిగా చెప్పండి. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. అడగాల్సిన పరీక్షలు ఇవి: సోడియం, పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్, షుగరు, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్, రక్తకణాల లెక్క, ఈసీజీ. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ, నాడి చూడమనండి.

రిపోర్టులన్నీ బాగున్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. చాలామందికి చివరిదాకా మామూలుగానే వస్తాయి. ఇంట్లో వాళ్లు "అన్నీ నార్మలే, ఇదంతా నీ మొండితనం" అనేది సరిగ్గా ఇక్కడే. వాళ్లను కూడా డాక్టరు గదిలోకి తీసుకెళ్లండి.

హెచ్చరిక: ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా ఉన్నవారు, కొద్దికాలంలోనే బాగా చిక్కిపోయినవారు ఇంట్లో సొంతంగా ఒక్కసారిగా తినడం మొదలుపెట్టకూడదు. ఒంట్లో ఫాస్ఫేట్, పొటాషియం చటుక్కున పడిపోయి గుండెకు ముప్పు వస్తుంది. మొదటి పది, పదిహేను రోజులు డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే పెంచాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించాలి, థయామిన్ (విటమిన్ బి1) కూడా ఇస్తారు. ఇంట్లో బలవంతంగా కుక్కి కుక్కి పెట్టడం ప్రేమే కావచ్చు గానీ ఈ స్థితిలో ప్రమాదం.

స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, గుండె దడదడలాడటం, మెలకువగా ఉన్నప్పుడే నాడి నిమిషానికి 50 లోపు ఉండటం, వాంతిలో రక్తం, నీళ్లు కూడా ఇమడకపోవడం, కాళ్లు వాచి ఆయాసం రావడం, చనిపోవాలన్న ఆలోచన: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రేపటి ఓపీ కోసం ఆగకండి, వెంటనే క్యాజువాల్టీకి వెళ్లండి. మన ఎండల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, వాంతులు చేసుకునేవారికి ఒంట్లో లవణాలు ఇంకా తొందరగా పడిపోతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు తాగితే సరిపోతుందని సర్దుకోవద్దు.

2. గడియారం చూసి తినండి, ఆకలిని చూసి కాదు

అన్నిటికన్నా పెద్ద మెట్టు ఇదే. చాలాకాలం కడుపు మాడ్చుకున్నవారికి ఆకలి సరిగ్గా తెలియదు. "ఆకలేస్తే తింటాను" అంటే ఎప్పటికీ తినరు, లేదా రాత్రి పదకొండింటికి అదుపు తప్పి తింటారు. అందుకని రోజుకు మూడు భోజనాలు, రెండు మూడు చిన్న తిండ్లు. రెండింటి మధ్య నాలుగు గంటలకు మించి ఎడం ఉండకూడదు. హాస్టల్ వేళలకు కుదిరేలా ఒక లెక్క:

- ఉదయం 7:30 టిఫిను
- 10:30 అరటిపండు, చిక్కీ
- మధ్యాహ్నం 1:00 భోజనం
- సాయంత్రం 4:30 బిస్కెట్లు, పాలు లేదా టీతో సున్నుండ
- రాత్రి 8:00 భోజనం
- 10:00 పాలు

స్టడీ అవర్స్ మధ్యలో తినడానికి ఒప్పుకోకపోతే, డాక్టరు చేత రెండు ముక్కలు రాయించి వార్డెన్‌కు ఇవ్వండి. జబ్బు పేరు రాయక్కర్లేదు, "వైద్య కారణాల వల్ల ఈ వేళలకు తినాలి" అని ఉంటే చాలు.

ఎంత తినాలన్నది మొదట్లో మీరు నిర్ణయించుకోకండి. కంచంలో వడ్డించేది వేరేవాళ్లు కావాలి. అన్నం, పప్పు, కూర, నెయ్యి, పెరుగు అన్నీ ఉండాలి, ఒక్కటీ జారిపోకూడదు. నెయ్యి లేని ముద్దపప్పు, నూనె లేని కూర, చట్నీలో ముంచీ ముంచనట్టు తినే ఇడ్లీ... జబ్బు ఇలాంటి చిన్నచిన్న కోతల్లోనే దాక్కుంటుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే వడ్డన, వేళ, పక్కన కూర్చోవడం మొత్తం తల్లిదండ్రుల చేతిలో ఉండాలి. లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్సకు ఆధారం ఇదే. అనొరెక్సియా ఉన్న చిన్నవయసు పిల్లలకు మొదట సూచించేదీ ఈ పద్ధతినే.

ఇక్కడ మొదటి మూడు వారాలూ కష్టం. రెండు ముద్దలకే కడుపు రాయిలా అవుతుంది, ఉబ్బరిస్తుంది, మలబద్ధకం వస్తుంది. "నాకు పడట్లేదు" అని చాలామంది మానేసేది ఇప్పుడే. తిండి తగ్గినన్నాళ్లూ పొట్ట కదలికలు నెమ్మదించాయి. మళ్లీ వేళకు తింటుంటేనే అవి సర్దుకుంటాయి. తినడం ఆపితే సర్దుకోవు. భోజనం తరువాత కడుపు మీద వేడినీళ్ల బ్యాగు పెట్టుకోవచ్చు. ఒకేసారి పట్టకపోతే అదే తిండిని ఆరు పూటలకు పంచండి, మొత్తం తగ్గించకండి.

అదుపు తప్పి తినేవారికీ మందు ఇదే అంటే నమ్మరు. "రాత్రి అంత తిన్నాను, పొద్దున మానేస్తాను" అన్నదే తరువాతి రాత్రికి దారి తీస్తుంది. రాత్రి ఏం జరిగినా పొద్దున 7:30 టిఫిను తప్పదు.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పాలంటే: 1944, 45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండి సగానికి తగ్గించి చూశారు. వాళ్ల ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరిగాయి. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు, ముభావంగా మారారు, తరువాత కొందరు ఆపుకోలేకుండా తిన్నారు. మీ బుర్రలో రోజంతా తిండే తిరుగుతోందంటే, అది ఆకలి చేసే పని. మీ బుద్ధి చెడ్డదని కాదు.

3. తిన్న వెంటనే రాసుకోండి

నోటుబుక్కులో ఐదు గడులు: వేళ, ఏం తిన్నారు, ఎక్కడ, ఎవరితో, అప్పుడు మనసులో ఏముంది. గ్రాములు, కేలరీలు వద్దు. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే పనికిరాదు, తిన్న ఐదు నిమిషాల్లో రాయాలి. రెండు వారాలు రాస్తే ఎక్కడ తెగుతోందో కనపడుతుంది. ఆదివారం పరీక్ష అయ్యాకనో, ఇంటి నుంచి ఫోను వచ్చాకనో, మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టిన రోజు రాత్రో. ఈ పుస్తకమే డాక్టరుకు చూపించండి. రాయడం వల్ల తిండి గురించి పట్టింపు ఇంకా పెరుగుతోందనిపిస్తే సైకాలజిస్టుకు చెప్పి ఆపేయండి.

4. తిన్నాక ఒక గంట ఒంటరిగా ఉండకండి

వాంతి చేసుకోవాలన్న తహతహ చాలామందికి అరగంటలోపు పతాక స్థాయికి వెళ్లి, ఆ తరువాత దిగుతుంది. ఆ గంటకు పని ముందే అనుకుని పెట్టుకోండి: అమ్మమ్మకు ఫోను, చెల్లితో క్యారమ్స్, బట్టలు మడతపెట్టడం. పొద్దుపోయాక కృష్ణ ఒడ్డున నడక మంచిదే కానీ, తిన్నది కరిగించడానికి నడుస్తున్నారేమో చూసుకోండి. అలా అయితే నడక కూడా ఆపాల్సిందే.

జరిగిపోతే? వెంటనే పళ్లు తోమకండి, ఆమ్లం తగిలి మెత్తబడిన పంటి పైపొర బ్రష్షుతో అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో చిటికెడు వంట సోడా కలిపి పుక్కిలించి, గంట ఆగండి. తరువాతి తిండి వేళ తప్పించకండి.

విరేచనాల మాత్రలు ఒంట్లోంచి తీసేది నీళ్లను, పొటాషియాన్ని. తిన్న తిండి చాలావరకు అంతకుముందే ఒంటికి పట్టి ఉంటుంది. రోజూ వాడేవారు డాక్టరుతో మాట్లాడి ఆపండి. ఆపాక ఒకటి రెండు వారాలు ముఖం, కాళ్లు నీరు పట్టినట్టు ఉబ్బుతాయి. దాన్ని కొవ్వు అనుకుని మళ్లీ మాత్ర అందుకోవడం అందరూ చేసే పొరపాటు.

మందుల మాట: బులీమియాకు ఫ్లూఆక్సెటిన్ రాస్తారు, బాగానే పనిచేస్తుంది. బుప్రోపియాన్ అనే మందు మాత్రం బులీమియా, అనొరెక్సియా ఉన్నవారికి ఇవ్వకూడదు, ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. సిగరెట్లు మాన్పించడానికో, దిగులుకో దాన్ని రాస్తుంటారు. అందుకే ఏ డాక్టరు దగ్గరా తిండి విషయం దాచకూడదు.

5. భయపడే తిండిని ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోండి

వేళకు తినడం నెల రోజులు నిలబడ్డాకే దీనికి దిగండి. మానేసిన తిండ్లన్నీ జాబితా రాయండి, భయం తక్కువ నుంచి ఎక్కువకు. పెరుగన్నంలో మామిడిపండు ముందు రావచ్చు, పుణుగులు మధ్యలో, పూతరేకులు, బందరు లడ్డు చివర్లో. వారానికి ఒకటో రెండో, నమ్మకమున్న మనిషి పక్కన ఉన్నప్పుడు, మామూలు మోతాదులో. ఒక్కసారి తిని ముగించకండి, అదే తిండిని మూడు నాలుగు సార్లు తినండి. మొదటిసారి భయం తగ్గదు.

6. ఉపవాసాలు, పెళ్లిళ్లు, చుట్టాల మాటలు

కార్తీక సోమవారాలు, ఏకాదశి, శివరాత్రి, దసరా తొమ్మిది రోజులు, భవానీ దీక్ష, రంజాన్. ఉపవాసం భక్తితో ఉంటున్నారో, తినకుండా ఉండటానికి సాకు దొరికిందని ఉంటున్నారో మీకే తెలుస్తుంది. బాగయ్యే దాకా, ఆ తరువాత కనీసం ఒక ఏడాది, ఉపవాసాలు పెట్టుకోకండి. ఒంట్లో బాగోలేనివారికి అన్ని సంప్రదాయాల్లోనూ మినహాయింపు ఉంది. దీపం పెట్టండి, గుడికి వెళ్లండి, ప్రసాదం తినండి.

"ఏంటమ్మా ఇలా చిక్కిపోయావ్", "కాస్త ఒళ్ళు చేశావే, బాగున్నావ్". రెండూ ఒకేలా గుచ్చుకుంటాయి. అత్తయ్యకో బాబాయికో జవాబు ముందే సిద్ధంగా ఉంచుకోండి: "డాక్టరుగారు ఆ మాట ఎత్తొద్దన్నారు అత్తయ్యా, చదువు సంగతి అడగండి." ఈ పని అమ్మ చేస్తే ఇంకా మంచిది. పెళ్లికి వెళ్లేముందు ఒకరు చుట్టాలకు ఫోను చేసి చెప్పేస్తే సరిపోతుంది. సంబంధాలు చూసే వయసులో "బయటికి పొక్కితే ఎలా" అని వైద్యమే మానేస్తున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలను ఆసుపత్రి గోప్యంగా ఉంచాలి. ఆరోగ్య బీమా కంపెనీలు మానసిక జబ్బులకూ ఒంటి జబ్బుల్లాగే బీమా ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది.

తగ్గుతోందని ఎలా తెలుస్తుంది?

బరువుతో కొలవకండి. బరువు చూడాల్సి వస్తే వారానికి ఒకసారి, డాక్టరు దగ్గర. ప్రతి ఆదివారం నోటుబుక్కులో ఇవి లెక్కపెట్టండి: 42 తిండి వేళల్లో ఎన్ని నిలబడ్డాయి, అదుపు తప్పింది ఎన్నిసార్లు, వాంతి ఎన్నిసార్లు, పదిమందిలో కూర్చుని తిన్నది ఎన్నిసార్లు. నెలకొకసారి: చేతులు చల్లబడటం తగ్గిందా, నెలసరి వస్తోందా, నిద్ర పడుతోందా, అద్దం ముందు గడిపేది తగ్గిందా. ఒక వారం వెనక్కి పోవచ్చు. వరసగా మూడు వారాలు వెనక్కి పోతే డాక్టరుకు చెప్పండి.

## రెండో భాగం: ఇంకొకరికి తోడు నిలవడం

7. మీరు సిద్ధమేనా, చూసుకోండి

కనీసం ఒక ఏడాదిగా పస్తులు, అదుపు తప్పడం, వాంతులు లేకుండా ఉన్నారా? ఎవరైనా బరువు అంకె చెబితే మీ మనసు లెక్కలకు పోకుండా ఉంటోందా? మీరు సాయం చేయబోయేవాళ్లు మీకన్నా సన్నగా ఉన్నా అసూయ కలగకుండా ఉంటోందా? మీ డాక్టరు సరే అన్నారా? నాలుగింటికీ "అవును" వస్తేనే ముందుకు వెళ్లండి. ఒక్కటి తేడా ఉన్నా ఇంకో ఆరు నెలలు ఆగండి. ఈలోపు సేవ చేయాలనిపిస్తే తిండితో సంబంధం లేనిది చూసుకోండి: చదువు చెప్పడం, గ్రంథాలయంలో పని, మొక్కల పెంపకం. అన్నదానం వంటశాల కూడా ఇప్పుడే వద్దు. అందరికీ వండిపెట్టి తాము తినకపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి.

8. చేయగలిగింది చేయండి, వైద్యం జోలికి వెళ్లకండి

మీరు డాక్టరు కారు, కానీ డాక్టరు చేయలేని పనులు కొన్ని మీరు చేయగలరు. ఓపీ క్యూలో పక్కన నిలబడటం. వారానికి రెండు పూటలు కలిసి భోజనం చేయడం. వార్డెన్‌తో మాట్లాడేటప్పుడు వెంట వెళ్లడం. బిడ్డ ఏడుస్తుంటే ఏం చేయాలో తోచని తల్లి దగ్గర ఓ గంట కూర్చోవడం. అన్నిటిలోనూ విలువైంది కలిసి తినడమే. మీ కంచంలో కూడా మామూలు భోజనం ఉండాలి. మాటలు సినిమా గురించి, కాలేజీ గురించి, తిండి గురించి మాత్రం కాదు. తినేటప్పుడు కంచం వంక చూడకండి, "ఇంకో ముద్ద" అని బతిమాలకండి. ముప్పై, నలభై నిమిషాల్లో ముగించి, ఆ తరువాత గంట కూడా పక్కనే ఉండండి.

మందులు చెప్పకండి, డైట్ చార్టు ఇవ్వకండి, బరువు అడగకండి.

9. మాట ఎలా మొదలుపెట్టాలి

భోజనాల దగ్గర కాదు, ఇంకెక్కడైనా, ఒంటరిగా ఉన్నప్పుడు. చూసింది మాత్రమే చెప్పండి: "ఈ మధ్య మెస్‌కు రావట్లేదు, మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయన్నావ్. భయంగా ఉంది నాకు. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, గురువారం వెళ్దామా?" రోజు కూడా చెప్పి అడగండి, "ఎప్పుడైనా వెళ్దాం" అంటే వెళ్లడం జరగదు. కోప్పడితే వాదించకండి, వారం ఆగి మళ్లీ అడగండి.

"ఎవరికీ చెప్పనని ఒట్టేయి" అంటే ఒట్టు వేయకండి. "నీ ప్రాణానికి ముప్పనిపిస్తే చెబుతాను, నీతో చెప్పాకే చెబుతాను" అనండి.

10. మీ కథ చెప్పేటప్పుడు

బరువు అంకెలు, ఎంత తినేవారు, ఎలా దాచేవారు, ఎలా వాంతి చేసుకునేవారు, అప్పటి ఫొటోలు ఏవీ వద్దు. వినేవాళ్లలో జబ్బులో ఉన్నవారికి అవి పాఠాలవుతాయి, పోటీ అవుతుంది. ఎవరికి మొదట చెప్పారు, ఏ మాట సాయపడింది, మొదటి మూడు వారాలు ఎలా గట్టెక్కారు... ఇవి చెప్పండి. కాలేజీలో మాట్లాడమంటే, ఆ రోజు కౌన్సెలర్ ఎవరైనా హాలులో ఉంటేనే ఒప్పుకోండి. మాట విన్నాక ఇద్దరో ముగ్గురో ఏడుస్తూ వస్తారు, వాళ్లను అప్పగించడానికి మనిషి కావాలి.

11. చిన్న బృందం నడపాలనుకుంటే

ఆరేడుగురు, వారానికి ఒక గంట, నడిపేవాళ్లు ఇద్దరు, అవసరమైతే పిలవడానికి ఒక సైకాలజిస్టు. పదిహేనుమంది వస్తే రెండు బృందాలు చేయండి. మొదటిరోజే నియమాలు చదవండి: అంకెలు మాట్లాడొద్దు, ఒకరి ఒంటి గురించి ఇంకొకరు వ్యాఖ్యానించొద్దు (పొగడ్త కూడా), విన్నది గది దాటొద్దు, వైద్యం తీసుకోనివారిని వారంలోపు డాక్టరు దగ్గరికి పంపాలి. వాట్సాప్ గ్రూపు పెడితే వేళలు చెప్పడానికే ఉంచండి. అర్ధరాత్రి అందులో వచ్చే ఒక్క సందేశం అందరినీ కుదిపేస్తుంది.

12. మీ లెక్క మీరు చూసుకోండి

ఒకేసారి ఇద్దరికి మించి తోడుండకండి. రాత్రి తొమ్మిది తరువాత ఫోను ఎత్తనని, అప్పుడు 14416కు చేయమని ముందే చెప్పండి. ఎవరినైనా కలవడానికి వెళ్లేముందు మీ భోజనం అయి ఉండాలి. నెలలో ఒక్క వారం మీ పాత నోటుబుక్కు పద్ధతిలో మళ్లీ రాయండి. రెండు పూటలు "పనిలో పడి" జారిపోయాయంటే, సాయం ఆపి ముందు మీ డాక్టరును కలవండి. మీరు ఆగిపోతున్నట్టు అవతలి వ్యక్తికి నిజం చెప్పండి, మీ స్థానంలో ఎవరుంటారో కూడా చెప్పండి.

మీరు తోడుంటున్న మనిషి మాట్లాడటం మానేస్తే, వెంటపడకుండా వారానికి ఒక చిన్న సందేశం పంపండి: "శనివారం ఒంటిగంటకు భోజనానికి ఉంటాను, రావాలనిపిస్తే రా." స్పృహ తప్పుతోందని, చనిపోతానంటోందని తెలిస్తే మాత్రం సందేశాలతో ఆగకండి, ఇంట్లోవాళ్లకు అదే గంటలో ఫోను చేయండి.